బీపీ మాత్రలు ఐదేసి కాదు, మూడు నెలలకు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఏటా మే 17న ప్రపంచ రక్తపోటు దినం రాగానే పత్రికలన్నీ ఉప్పు తగ్గించండి, రోజూ నడవండి, టెన్షన్ పడకండి అని రాస్తాయి. అవన్నీ నిజమే. కానీ నేను చెన్నై వ్యాసర్పాడిలో ఒక మందుల షాపులో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను, బీపీ ఉందని తెలిసిన మనిషి కూడా మాత్ర ఎందుకు మానేస్తాడో రోజూ కౌంటర్ దగ్గర చూస్తున్నాను, ఆ సంగతి మాత్రం ఎవరూ రాయడం లేదు.

శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రి ఒకాయన మా షాపుకి వచ్చేవాడు. డాక్టరు నెలకి రాసిస్తే ఆయన కొనేది ఐదు మాత్రలు. "బాబూ, ఇప్పటికి ఐదు ఇయ్యి, శనివారం బట్వాడా అయ్యాక మిగతావి తీసుకెళ్తాను" అనేవాడు. కత్తెరతో స్ట్రిప్పు కోసి ఇచ్చేవాణ్ణి. శనివారం వస్తే బియ్యం, ఊళ్లో పిల్లల ఫీజు ముందు, మాత్రలు తర్వాత. మళ్లీ ఎప్పుడో తల తిరిగినప్పుడు ఆ కోసిన ముక్క జేబులోంచి తీసి చూపించేవాడు, దాని మీద 'డిపిన్' అని మందు పేరులో సగమే ఉండేది. "ఒంట్లో బాగానే ఉందని మానేశాను" అన్నాడొకసారి. బాగున్నప్పుడు కూడా వేసుకోవాలన్నా అని చెప్పాను, కానీ వెనకాల నలుగురు నిలబడి ఉంటే ఎంతసేపు చెప్పగలను? పోయిన ఏడాది ఒకరోజు పని దగ్గరే మూతి వంకరపోయి కుడి చెయ్యి పడిపోయింది. వారం ఆస్పత్రిలో ఉండి ఊరెళ్లిపోయాడు. ఆయనకి యాభై కూడా నిండలేదు.

ఆ మాత్ర ఆమ్లోడిపిన్, ఒక్కోటి రెండు మూడు రూపాయలే. సర్కారు ఆస్పత్రిలో అదీ ఉచితమే, కానీ లైన్లో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. మందు చవక, తెచ్చుకోవడమే ఖరీదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం బీపీ ఉన్న ఐదుగురిలో ఒక్కరికే అది అదుపులో ఉంది, రోగుల్లో ఎక్కువమంది మనలాంటి తక్కువ, మధ్య ఆదాయ దేశాలవాళ్లే.

దారి లేక కాదు. 2017లో మొదలైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని ముందుగా అమలు చేసిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. అందరికీ ఒకే పద్ధతి, నాలుగైదు రకాల మందులే, అందువల్ల వాటిని పెద్ద మొత్తంలో కొని స్టాక్ పెట్టుకోవచ్చు, బీపీ చూసి రాసుకునే పని నర్సమ్మే చేస్తుంది, రానివాళ్లకి ఫోన్ చేస్తారు. తమిళనాడులో 2021 ఆగస్టులో మన తెలుగువాళ్లు బాగా ఉండే కృష్ణగిరి జిల్లాలోనే 'మక్కళై తేడి మరుత్తువం' (జనం దగ్గరికే వైద్యం) అనే సర్కారు పథకం మొదలైంది, బీపీ, షుగర్ మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. మా వీధిలో ముసలమ్మలకి ఇది ఎంత మేలు చేసిందో నాకు తెలుసు. కానీ ఇల్లంటూ ఉంటేనే కదా ఇంటికి తెచ్చేది. మూడు నెలలకో సైట్ మారే రేకుల షెడ్డు మనిషి ఏ అడ్రస్ చెప్తాడు?

అందుకే నేను అడిగేది చిన్నదే. బీపీ అదుపులో ఉన్నవాళ్లకి సర్కారు ఆస్పత్రుల్లో మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వండి. వలస కూలీల చేతికి ఒక కార్డు ఇవ్వండి, దాని మీద మందు పేరు, డోసు, పోయినసారి బీపీ ఎంతో తెలుగులోనూ తమిళంలోనూ రాసి ఉండాలి, అది టెక్కలిలో చూపించినా చెన్నైలో చూపించినా మళ్లీ మొదటినుంచి పరీక్షలంటూ తిప్పకుండా మాత్రలు ఇవ్వాలి. ఆంధ్ర, తమిళనాడు ఆరోగ్య శాఖలు కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని ఇది. మీ పత్రిక రెండు చోట్లా చదువుతారు కాబట్టి మీరు అడగండి.

- ఒక పాఠకుడు, వ్యాసర్పాడి, చెన్నై