క్రూయిజ్ ఓడలోని ఫ్రెంచ్ రెస్టారెంట్ భోజనంపై ఫిర్యాదు

పాలకొల్లు,
పశ్చిమ గోదావరి జిల్లా.

గెస్ట్ సర్వీసెస్ మేనేజర్ గారికి,

విషయం: శాకాహార గుర్తు తప్పుగా వేయడం, వంటలో లోపాలు, కవర్ ఛార్జీ వాపసు.

ఆర్యా,

మేం పాలకొల్లు, నరసాపురం చుట్టుపక్కల పెళ్లి వంటలు చేసే క్యాటరింగ్ వాళ్లం. మీ ఓడలో టికెట్‌తో పాటు మనిషికింతని కవర్ ఛార్జీ విడిగా కట్టి తినాల్సిన ఫ్రెంచ్ రెస్టారెంట్‌లో మాకు వడ్డించిన భోజనం గురించి ఈ ఉత్తరం. ఫ్రెంచ్ వంట అలవాటు లేక నచ్చలేదని కొట్టిపారేయకండి. రుచుల జోలికి పోం, పని తప్పిన చోట్లే చెబుతాం.

అన్నిటికంటే పెద్ద తప్పు ఉల్లిపాయ సూప్‌ది. మెనూలో దాని పక్కన ఆకుపచ్చ ఆకు గుర్తు ఉంది. మాలోని శాకాహారులు అది చూసే తెప్పించుకున్నారు. వాసన తేడాగా ఉందని కిచెన్‌లో అడిగిస్తే, గొడ్డు ఎముకలతో కాచిన స్టాక్ (సూప్‌కి పోసే రసం) అని తాపీగా చెప్పారు. ఫ్రాన్స్‌లో అలా కాయడం పాత పద్ధతే, దాన్ని మేం తప్పు పట్టం. తప్పు ఆ గుర్తుది. పైన కరిగించిన గ్రూయేర్ చీజ్ కూడా దూడ పొట్టలోంచి తీసే రెనెట్‌తో పాలు విరగ్గొట్టి చేసేదే, కాబట్టి ఒక్క స్టాక్ మార్చేస్తే సరిపోదు. నిజంగా శాకాహారంగా చేయాలనుకుంటే బ్రహ్మవిద్యేం కాదు. ఉల్లిపాయల్ని వెన్నలో సన్నసెగ మీద 45 నిమిషాల నుంచి గంట దాకా ముదురు రంగు వచ్చేలా మగ్గనిచ్చి, అడుగంటినదాన్ని కాస్త వైట్ వైన్‌తో గీకి, ఎర్రగా వేయించిన పుట్టగొడుగులు, క్యారెట్, సెలరీ మరిగించిన నీళ్లు పోయాలి. చీజ్ మైక్రోబియల్ రెనెట్‌ది (దూడ నుంచి కాక సూక్ష్మజీవుల నుంచి తీసినది) కావాలి. గిన్నె, గరిటె వేరుగా ఉండాలి. అదే మెనూలో, జంతువుల ఎముకలు, తోలు నుంచి తీసే జెలటిన్‌తో గట్టిపడే బవర్వా అనే క్రీము తీపి వంటకానికీ ఆకు గుర్తే వేశారు. ఆ జెలటిన్ దేన్నుంచి తీసిందని అడిగితే జవాబు లేదు.

ఇక చేప. పండుగప్ప ముక్క, మీద బ్యూర్ బ్లాంక్ అనే వెన్న సాస్. గోదావరి వాళ్ల దగ్గర చేప సంగతి దాగదు. ముక్క మీద తెల్లటి తరకలు తేలాయి. లోపలి వేడి 60 డిగ్రీలు దాటి, ప్రోటీన్ పిండుకుని బయటికొచ్చిందన్నమాట. 55 దగ్గర దించితే పొరలుగా విడిపోయేది. కరకరలాడేలా వేయించిన తోలు మీద మూత బోర్లించి తేవడంతో ఆవిరికి నానిపోయి సాగింది. సాస్ విరిగి పళ్లెం అంచున పసుపుపచ్చ వెన్న మడుగు కట్టింది. చల్లటి వెన్న ముక్కలు కొద్దికొద్దిగా వేస్తూ గిలక్కొట్టే ఈ సాస్ 58 డిగ్రీలు దాటితే నిలవదు. పళ్లేలు వేడి దీపాల కింద చాలాసేపు ఉన్నాయనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు.

గుడ్డు నురగతో ఓవెన్‌లో పొంగాల్సిన తీపి వంటకం చాక్లెట్ సూఫ్లే ఒక పక్కకి ఒరిగి, నడుమ గుంట పడి వచ్చింది. ఒరిగిన వైపు కప్పు గోడకి వెన్న, పంచదార సరిగా పట్టించలేదు, పిండి అక్కడ అంటుకుపోయి పైకి పాకలేదు. 190 డిగ్రీల ఓవెన్‌లో 12 నుంచి 14 నిమిషాలు కాల్చి, తీసిన రెండు మూడు నిమిషాల్లో బల్ల మీద పెట్టాల్సిన వంటకం ఇది. ముందే కాల్చి ఉంచితే గుడ్డు నురగలోని గాలి చల్లారి కుంగిపోతుంది. ఓడలో మంట ఉండదు, అన్నీ కరెంటు ఓవెన్లే అనే సాకు ఇక్కడ చెల్లదు. సూఫ్లేకి అవే మేలు.

చేపకీ సూఫ్లేకీ మూలం ఒక్కటే: రాత్రి 8 గంటలకి అన్ని టేబుళ్లనీ ఒకేసారి కూర్చోబెట్టడం. టేబుల్‌కీ టేబుల్‌కీ 15 నిమిషాల ఎడం ఇచ్చి, సూఫ్లే ఆర్డరు మొదట్లోనే రాసుకుని, మెయిన్ కోర్సు పళ్లేలు తీసేటప్పుడు ఓవెన్‌లో పెడితే ఈ గొడవ ఉండదు. వడ్డించిన కుర్రాళ్ల తప్పేం లేదు, మర్యాదగా ఉన్నారు. బ్రెడ్డు చాలా బాగుంది.

కవర్ ఛార్జీ, దాని మీద వేసిన 18 శాతం సర్వీసు ఛార్జీ మాకు పూర్తిగా వాపసు చేయాలి. ఆకు గుర్తులున్న ప్రతి వంటకం దినుసులూ సరిచూసి, మార్చిన మెనూ నకలు పంపాలి. శాకాహారులకి రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం మేం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలు ఇచ్చింది కాబట్టి జిల్లా కమిషన్‌కి వెళ్తాం.

బిల్లు, మెనూ, మూడు పళ్లేల ఫోటోలు జత చేశాం.

ఇట్లు,
పాలకొల్లు క్యాటరింగ్ బృందం