శనివారం అరగంట లెక్కల క్లాసు

సిస్టర్స్, అందరికీ నమస్తే.

శనివారం మధ్యాహ్నం 2:15కి, హ్యాండోవర్ అవగానే, డ్యూటీ రూమ్‌లో కూర్చుందాం. సెలైన్ చుక్కల లెక్క, ఇండెంట్ (స్టోర్ నుంచి మందులు తెప్పించుకోవడానికి రాసే లిస్టు) లెక్క. అంతే.

మొన్న నైట్‌లో 4 గంటలు ఎక్కాల్సిన 500 ఎం.ఎల్. బాటిల్ రెండున్నర గంటలకే అయిపోయింది. పేషెంట్‌కి ఏమీ కాలేదు గానీ, నాకు తెల్లారేదాకా టెన్షనే.

ఎం.ఎల్.కి 20 చుక్కలు పడే సెలైన్ సెట్ (ట్యూబు) అయితే: 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. 15 సెకన్లు లెక్కపెడితే 10, 11 పడాలి. సెట్ కవర్ మీద అంకె చూడకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, 15 చుక్కలవీ ఉంటాయి. 60 చుక్కల మైక్రో సెట్ అయితే హాయి: గంటకి ఎన్ని ఎం.ఎల్. ఎక్కాలో నిమిషానికి అన్ని చుక్కలు.

ఇక ఇండెంట్: ఇన్సులిన్ ఎం.ఎల్.కి 40 యూనిట్ల రకం, 10 ఎం.ఎల్. వయల్ (చిన్న సీసా) అంటే 400 యూనిట్లు. రోజుకి 32 పడే పేషెంట్‌కి పన్నెండు రోజులు వస్తుంది. మరి వారానికి రెండు ఎందుకు రాస్తున్నాం?

సెకన్ల ముల్లున్న వాచీ, పెన్ను తెచ్చుకోండి. ఫోన్‌లో కాలిక్యులేటర్ వాడినా ఎవరూ నవ్వరు.

నైట్ వాళ్లు నిద్ర పాడుచేసుకోవద్దు, మీకు సోమవారం విడిగా చెప్తా. మిగతావాళ్లు శుక్రవారం రాత్రిలోపు ఇక్కడ పేరు పెట్టండి.

ఇండెంట్ బుక్ ఎవరి దగ్గరుందో, ఆ రోజు మర్చిపోకుండా తేవాలి!