ఉన్న బేస్‌కు ఫ్రెట్లు పీకకండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం సంచికలో బేస్ గిటార్ మీద వచ్చిన వ్యాసం చదివాను. బేస్ గురించి పత్రికల్లో ఒక పేజీ రావడమే అరుదు. పాటంతా మోస్తూ ఎవరి కంటా పడని వాద్యం కదా, అందుకని సంతోషంగానే మొదలుపెట్టాను. చివరి రెండు పేరాల దగ్గర మాత్రం ఆగిపోయాను. ఫ్రెట్లు పిల్లల సైకిలుకు బిగించే పక్క చక్రాల్లాంటివనీ, చెయ్యి తిరిగాక వాటిని వదిలేసి ఫ్రెట్‌లెస్‌కు వెళ్లాలనీ, కొత్తది కొనే స్తోమత లేకపోతే ఉన్న బేస్‌కే ఫ్రెట్లు పీకేసుకోవచ్చనీ వ్యాసకర్త రాశారు. నేను చాలాకాలంగా రెండు రకాలూ వాయిస్తున్నాను, కొందరికి నేర్పుతున్నాను కూడా. మీ వ్యాసం వచ్చిన వారంలోనే నా దగ్గర నేర్చుకునే కుర్రాడొకడు ఆ పేజీ కత్తిరించుకుని, చేతిలో కటింగ్ ప్లయర్‌తో వచ్చాడు. "అక్కా, మీరు మెడ గట్టిగా పట్టుకోండి, నేను లాగేస్తా" అన్నాడు. వాడిని కూర్చోబెట్టి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. అలాంటి ప్లయర్లు ఇంకెన్ని బయటికొచ్చాయో అని నా భయం.

బేస్ తెలియని పాఠకుల కోసం ఒక్క ముక్క. ఫ్రెట్లంటే గిటార్ మెడ మీద అడ్డంగా దిగ్గొట్టిన లోహపు కమ్మీలు. వీణకు మెట్లు చేసే పనే ఇవీ చేస్తాయి. వేలు రెండు కమ్మీల మధ్య ఎక్కడ నొక్కినా తీగ ఆగేది ముందున్న కమ్మీ మీదే కాబట్టి స్వరం తప్పదు. ఫ్రెట్‌లెస్‌లో ఆ కమ్మీలు ఉండవు. తీగ నేరుగా చెక్క మీద, వేలి కొన కింద ఆగుతుంది. వేలు ఎక్కడుంటే స్వరం అక్కడ.

మామూలు బేస్‌లో మెడ కొసన తీగలు ఆనే నట్ నుంచి, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జి దాకా తీగ పొడవు 34 అంగుళాలు. నట్ నుంచి మొదటి ఫ్రెట్‌కు దూరం దాదాపు 48 మిల్లీమీటర్లు. పైకి పోయేకొద్దీ గళ్లు ఇరుకవుతాయి. 11వ ఫ్రెట్‌కూ 12వ ఫ్రెట్‌కూ మధ్య 26 మిల్లీమీటర్లే ఉంటుంది. రెండు చోట్లా తేడా ఒక అర స్వరమే, పియానో మీద పక్కపక్క మెట్లకున్నంత. ఆ అర స్వరాన్ని నూరు భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. 12వ ఫ్రెట్ ఉండాల్సిన చోట వేలు 1 మిల్లీమీటరు జరిగితే స్వరం 4 సెంట్లు జరుగుతుంది. అది చాలామంది పట్టుకోలేరు. అదే 5 మిల్లీమీటర్లు జరిగితే 20 సెంట్లు, అది పక్కింటివాళ్లకు కూడా తెలుస్తుంది.

ఇంతవరకూ వ్యాసకర్తతో నాకు పేచీ లేదు. ఫ్రెట్ చేసేది స్వరస్థానం చూపించడం ఒక్కటే అయితే ఆయన పోలిక సరిగ్గా అతికేది. కానీ ఫ్రెట్ శబ్దాన్నే మారుస్తుంది. లోహం మీద ఆగిన తీగకు మొదలు పదునుగా ఉంటుంది. కిక్ డ్రమ్ము పడిన క్షణంలోనే బేస్ కూడా పడిందని వినేవాడికి తెలిసేది ఆ పదునుతోనే. బొటనవేలితో కొట్టి వాయించే స్లాప్‌నే తీసుకోండి. తీగ వెళ్లి ఫ్రెట్లకు ఠక్కున తగలడమే అందులో అసలు శబ్దం. అదే దెబ్బ ఫ్రెట్‌లెస్ మీద కొడితే చెక్క మీద దబ్బుమంటుంది, అంతే. రెండు మూడు స్వరాలు కలిపి ఒకేసారి పలికించాలన్నా ఫ్రెట్లుంటే హాయి. లేకపోతే ప్రతి వేలూ దాని మిల్లీమీటరు అది వెతుక్కోవాలి.

ఇక ఫ్రెట్‌లెస్ ఇచ్చేది ఫ్రెట్లకు అస్సలు రాదు. మెడను దాదాపు తిన్నగా ఉంచి, తీగల ఎత్తు బాగా తగ్గించి మీటితే, ఊగుతున్న తీగ వేలికి ముందున్న చెక్కను సన్నగా రాసుకుంటుంది. ఆ రాపిడి వల్ల స్వరం పుట్టిన తర్వాత, ఒక్క క్షణం ఆలస్యంగా ఉబ్బుతుంది. వాయించేవాళ్లం దాన్ని 'మ్వా' అంటాం. బ్రిడ్జి దగ్గరి పికప్ (తీగ కదలికను కరెంటు సంకేతంగా మార్చేది) పెంచి, కుడిచెయ్యిని కూడా అటువైపు జరిపితే ఆ ఉబ్బు ఇంకా బాగా వినపడుతుంది. వైబ్రాటో సంగతీ అంతే. ఫ్రెట్‌లెస్‌లో వేలిని తీగ పొడవునా ముందుకూ వెనక్కూ దొర్లిస్తాం, స్వరం రెండు వైపులా ఊగుతుంది. ఫ్రెట్ల మీద తీగను పక్కకు లాగాలి. అలా లాగితే స్వరం పైకి పోతుంది తప్ప కిందికి దిగదు. గొంతు పక్కన ఇంకో గొంతులా బేస్ పాడాలంటే ఫ్రెట్‌లెస్సే. పినో పల్లడినో 1983లో పాల్ యంగ్ పాటకు వాయించినదీ, పాల్ సైమన్ 1986 ఆల్బమ్‌లో దక్షిణాఫ్రికా వాద్యకారుడు బకితి కుమాలో వాయించినదీ ఒకసారి విని చూడండి. ఆ బేస్‌కు ఫ్రెట్లు పెట్టి ఊహించుకోవడం నా వల్ల కాదు.

పైమెట్టు, కిందిమెట్టు అనే మాటకు చరిత్రలో కూడా ఆధారం లేదు. మొదట ఉన్నది నిలబడి వాయించే డబుల్ బేస్, దానికి ఫ్రెట్లు లేవు. 1951లో గిటార్లు తయారుచేసే లియో ఫెండర్ ప్రెసిషన్ అనే ఎలక్ట్రిక్ బేస్‌కు ఫ్రెట్లు పెట్టి తెచ్చాడు. స్వరం కచ్చితంగా దొరుకుతుంది, గిటార్ వాయించేవాళ్లు కూడా వెంటనే అందుకోగలరు. తర్వాత రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌లో చేరిన బిల్ వైమన్ 1961లో తన చవక బేస్‌కు అరిగిపోయిన ఫ్రెట్లు తీసేసి, కొత్తవి వేద్దామనుకుని, వచ్చిన శబ్దం నచ్చి అలాగే ఉంచేశాడు. కంపెనీ తయారీగా ఫ్రెట్‌లెస్ బేస్‌ను 1966లో ఆంపెగ్ తెచ్చింది. ఫెండర్ 1970లో అందుకుంది. అమెరికాలోని మోటౌన్ రికార్డు కంపెనీ పాటల్లో బేస్ అంటే గుర్తొచ్చే జేమ్స్ జేమర్సన్ డబుల్ బేస్ నుంచి ఫ్రెట్లున్న ప్రెసిషన్‌కు వచ్చినవాడు. వ్యాసకర్త లెక్క ప్రకారం ఆయన దిగజారినట్టు. ఆ మాట ఏ బేసిస్టు ముందైనా అని చూడమనండి.

ఇప్పుడు అమెరికన్ జాజ్ బేసిస్టు జాకో పాస్టోరియస్. ఫ్రెట్లు పీకమనే వాళ్లందరికీ దేవుడు ఆయనే, మీ వ్యాసంలోనూ ఉన్నాడు. 1962 నాటి జాజ్ బేస్ (ఫెండర్ వాళ్ల మోడల్), వంటింటి కత్తి, పీకేసిన ఫ్రెట్లు. కథ బాగుంటుంది. నిజానికి ఆ కథ ఆయనే ఒక్కోసారి ఒక్కోలా చెప్పాడు. కొన్నప్పటికే ఫ్రెట్లు లేవని కూడా అన్నాడు. అందరూ వదిలేసేది తర్వాతి భాగాన్ని. ఖాళీ అయిన గాడులను ఉడ్ ఫిల్లర్‌తో పూడ్చాడు. చెక్క మీద పడవలకు వాడే ఎపాక్సీ పూత వేశాడు. ఆయన వాడిన రౌండ్‌వౌండ్ తీగలు (పైన గుండ్రటి లోహపు తీగ చుట్టిన గరుకు తీగలు) పూత లేని రోజ్‌వుడ్‌ను తినేస్తాయి మరి. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్‌లో మనం వినే ఆ మెరుపులో ఆ పూత పాలు కూడా ఉంది. ఫ్రెట్లున్న జాజ్ బేస్ కూడా ఆయన దగ్గర ఉండేది, దాన్ని పీకలేదు.

అసలు ఫ్రెట్ ఎలా వస్తుందో చెబుతాను. పైకి కనిపించే గుండ్రటి కమ్మీ కింద సన్నటి రేకు చెక్కలోకి దిగి ఉంటుంది. ఆ రేకుకు రెండు పక్కలా చిన్న ముళ్లుంటాయి, ఊడిరాకుండా. అనుభవమున్నవాళ్లు సోల్డరింగ్ ఐరన్‌తో ఫ్రెట్‌ను వేడిచేసి, కింద జిగురు మెత్తబడ్డాక, ముక్కు చదునుగా అరగదీసిన కొరుకుడు ప్లయర్‌తో ఒక చివర నుంచి రవ్వరవ్వ లేపుకుంటూ పోతారు. మా కుర్రాడు తెచ్చిన ప్లయర్‌తో గుంజితే ఒక్కో ముల్లూ ఒక్కో పెచ్చును వెంట తెచ్చుకుంటుంది. అలా 20 ఫ్రెట్లు. తర్వాత ప్రతి గాడిలో సన్నటి చెక్క పట్టీ అతికించాలి. మెడ గుండ్రదనం చెడకుండా గరుకు కాగితంతో నునుపు చెయ్యాలి. ఫ్రెట్ల ఎత్తు పోయింది కాబట్టి నట్‌లో గాడులు లోతు చెయ్యాలి, బ్రిడ్జి మీద తీగలు ఆనే శాడిల్స్ దించాలి, మెడ వంపును సరిచేసే ట్రస్ రాడ్ సరిచూసుకోవాలి. ఇదంతా అయ్యాక "నాకు పాతదే బాగుంది" అనిపిస్తే, పెచ్చులు లేచిన గాడిలో కొత్త ఫ్రెట్ గట్టిగా కూర్చోదు. మా వాడికున్నది ఒకటే బేస్. వచ్చే నెలలో కాలేజీ బ్యాండ్‌తో పోటీ ఉంది, వాయించాల్సిన పాటల్లో సగం స్లాపే.

స్టేజీ విషయం వ్యాసంలో అసలు లేదు. ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఫ్రెట్‌లెస్ వాయిస్తే అందరం గంధర్వులమే. స్టేజీ మీద పక్కనే సింబల్స్ మోగుతుంటాయి, మాకు వినిపించడానికి పెట్టిన మానిటర్ స్పీకర్లో బేస్ ఉండదు, ఉన్నా బురద బురదగా వినపడుతుంది. అడుగు తీగ మోత సెకనుకు 41 కంపనాలు. అంత కింది స్వరం కాస్త అటూ ఇటూ అయితే గోలలో చెవి వెంటనే చెప్పదు. పై స్థానాలకు వెళ్లాక మాత్రం దాపరికం ఉండదు. అందుకే నేను జోరు పాటలకు ఫ్రెట్లున్న బేస్ తగిలించుకుంటాను. చేతిని నమ్మి వాయించవచ్చు. పియానో, గొంతు ఉన్న నెమ్మది పాటలకే ఫ్రెట్‌లెస్ తీస్తాను. అక్కడ కూడా ఒక చిక్కుంది. పియానో లేకుండా గొంతుకు తోడుగా మాత్రమే వాయిస్తే చెవి శుద్ధమైన అంతర గాంధారం వైపు లాగుతుంది, అది పియానో గాంధారం కన్నా 14 సెంట్లు తక్కువ. పియానో చేరగానే వేలు మళ్లీ దాని దారికి రావాలి. ఫ్రెట్లున్న బేస్‌లో ఈ టెన్షన్ ఉండదు, ఈ సౌకర్యమూ ఉండదు.

ఫ్రెట్‌లెస్ మీద మనసు పడ్డవాళ్లను ఆపాలని కాదు. ముందు ఎవరిదైనా అడిగి కొన్నాళ్లు వాయించి చూడండి. ఎ తీగ మీద అయిదో ఫ్రెట్ ఉండాల్సిన చోట డి స్వరం నొక్కి, పక్కనున్న డి తీగను వట్టిగా మీటండి. రెండూ కలవకపోతే శబ్దం అలలు అలలుగా ఊగుతుంది. 20 సెంట్ల తేడా ఉంటే ఇంచుమించు సెకనుకో అల. వేలిని వెంట్రుకవాసి దొర్లిస్తే అల సాగుతుంది, ఇంకాస్త దొర్లిస్తే ఆగిపోతుంది. తంబుర శ్రుతి పెట్టుకుని దాని మీద నెమ్మదిగా స్కేళ్లు వాయించడం ఆ తర్వాతి పని. ఇంకొకటి, చుక్కలు చూసి మోసపోకండి. ఫ్రెట్లున్న బేస్‌లో మెడ అంచున చుక్క రెండు ఫ్రెట్ల నడుమ ఉంటుంది. ఫ్రెట్ల చోటు చూపే గీతల్లేని ఫ్రెట్‌లెస్‌లో సాధారణంగా సరిగ్గా స్వరస్థానం మీదే ఉంటుంది. ఫ్రెట్‌కు కాస్త వెనక నొక్కడం అలవాటైన వేలు ఇక్కడ ప్రతి స్వరాన్నీ తగ్గించి పలికిస్తుంది. గీతలున్నది కొంటే నామోషీ అనేవాళ్ల మాట వినకండి. పూడ్చిన గాడుల గీతలు జాకో బేస్ మీద కూడా ఉన్నాయి.

సొంత బేస్‌నే మార్చుకోవాలని పట్టుదల ఉంటే దానికీ దారుంది. ఫెండర్ తరహా బేసుల్లో మెడ వెనక నాలుగు స్క్రూలతో బిగించి ఉంటుంది. కొలత సరిపోయే ఫ్రెట్‌లెస్ మెడ విడిగా కొని బిగించుకుని, పాత మెడను గుడ్డలో చుట్టి దాచుకోవచ్చు. మా వాడికి అదే చెప్పాను. పోటీ అయ్యాక చూద్దాం అన్నాడు.

వచ్చేవారం రెండో భాగం ఉంటుందని వ్యాసం చివర వేశారు. అందులో ఫ్రెట్లు పీకే సలహాకు సవరణ వేయించండి. వీలైతే ఫ్లాట్‌వౌండ్ తీగల (చదును రేకు చుట్టిన నునుపు తీగల) గురించి, మెడ చెక్క గురించి వ్యాసకర్తతో రాయించండి. వాటి మీద ఆయనకు పట్టుందని మొదటి భాగంలోనే తెలిసింది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక బేస్ గిటారిస్టు