క్లాక్ అందని చిప్‌ను పారేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో ఏటీమెగా328పీ అనే మైక్రోకంట్రోలర్ చిప్‌కి ఫ్యూజ్ బిట్లు (చిప్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగులు) తప్పుగా రాస్తే, ప్రోగ్రామర్‌కి, అంటే చిప్‌లోకి కోడ్ ఎక్కించే పరికరానికి, పలకడం మానేస్తుంది. పోయిందనుకుని చాలామంది పారేస్తారు. కానీ అది కాలిపోలేదు, క్లాక్ (చిప్‌ని నడిపించే పల్సులు) అందక ఆగిపోయింది.

క్లాక్ ఎక్కణ్నుంచి రావాలో చెప్పే ఫ్యూజ్ బైటుని 'లో ఫ్యూజ్' అంటారు. కొత్త చిప్‌లో దాని విలువ హెక్స్‌లో 62. అంటే లోపలి 8 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్‌ (పల్సులు పుట్టించే భాగం) వేగాన్ని 8తో భాగించి 1 మెగాహెర్ట్జ్‌తో నడుస్తుంది. పొరపాటున 60 రాస్తే లోపలి ఆసిలేటర్‌ని వదిలేసి, 9వ పిన్‌కి బయటి నుంచి పల్సులు రావాలని కూర్చుంటుంది. ఆ సెట్టింగులో క్రిస్టల్ బిగించినా లాభం లేదు, బయటి పల్సులే కావాలి. ఫ్యూజుల్లో 0 అంటేనే 'ఆన్' అన్న సంగతి మరిచిపోవడం ఈ తప్పులకు పెద్ద కారణం.

బాగుచేయడానికి ఒక ఆర్డుయినో ఊనో బోర్డు, యూఎస్‌బీఏఎస్‌పీ అనే ప్రోగ్రామర్ ఒకటి చాలు. ఊనోలో టైమర్ 1ని సీటీసీ మోడ్‌లో (లెక్క కంపేర్ విలువకు చేరగానే మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే పద్ధతి) పెట్టి, ప్రీస్కేలర్ లేకుండా, అంటే క్లాక్‌ని భాగించకుండా, కంపేర్ విలువ 7 ఇస్తే దాని 9వ పిన్ మీద 1 మెగాహెర్ట్జ్ చదరపు తరంగం వస్తుంది. దాన్ని చిప్ 9వ పిన్‌కి కలపాలి. గ్రౌండ్లు కలపడం మరవకూడదు, చాలా ప్రయత్నాలు ఇక్కడే బెడిసికొడతాయి. ఊనో 5 వోల్ట్‌ల బోర్డు కాబట్టి చిప్‌కీ 5 వోల్ట్‌లే ఇవ్వాలి.

ఇక ప్రోగ్రామర్ వేగం. అది చిప్ క్లాక్‌లో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. 60 రాసిన చిప్‌లో 8తో భాగించడం ఇంకా అమల్లోనే ఉంటుంది కాబట్టి 1 మెగాహెర్ట్జ్ ఇచ్చినా లోపల నడిచేది 125 కిలోహెర్ట్జ్. అందుకే ప్రోగ్రామర్ మీద స్లో జంపర్ పెట్టి దాని వేగాన్ని 8 కిలోహెర్ట్జ్‌కి దించాలి. ముందు సిగ్నేచర్ (చిప్ రకాన్ని చెప్పే గుర్తింపు సంఖ్య) చదవండి. 1ఈ 95 0ఎఫ్ వస్తే లో ఫ్యూజ్‌ని 62గా తిరగరాసి, ఊనో వైరు తీసేసి మళ్లీ చదవండి.

క్రిస్టల్ సెట్టింగులో ఇరుక్కున్న చిప్‌కి ఇంత అక్కర్లేదు. 9, 10 పిన్ల మధ్య 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ఒక్కో పిన్ నుంచి గ్రౌండ్‌కి 22 పికోఫారడ్ కెపాసిటర్ చాలు.

'హై ఫ్యూజ్' అనే మరో ఫ్యూజ్ బైటులో రీసెట్ పిన్‌ని ఆపేస్తే మాత్రం ఈ దారులు మూసుకుపోతాయి, 12 వోల్ట్‌ల ప్యారలల్ ప్రోగ్రామర్ కావాలి. అందుకే విద్యార్థులను హై ఫ్యూజ్ జోలికి పోనివ్వకుండా, ప్రతి ల్యాబులోనూ క్లాక్ ఇచ్చే ఊనో ఒకటి సిద్ధంగా ఉంచాలని కళాశాలలకు మనవి.

— ఒక ఎలక్ట్రానిక్స్ బోధకుడు, వరంగల్