దస్తావేజులు రాసే పెద్దాయనకు దండాలు

కడపలో రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట దస్తావేజులు రాసే పెద్దాయనా, మీకు మా ఇంటిల్లిపాది తరఫున దండాలు. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

మా ముత్తాత వడ్రంగి. నాగళ్లు, గుంటకలు చేసిచ్చి కళ్లంలో మేర గింజలు తెచ్చుకున్న మనిషి. అలాంటివాళ్ల సంగతి ఏ కాగితంలో ఉంటుందిలే అనుకునేవాణ్ణి. "ఎందుకుండదు నాయనా, మాన్యం, అంటే ఊరికి చేసే పనికి బదులుగా ఇచ్చిన భూమి, ఉంటే పేరుంటుంది" అని దారి చూపింది మీరే. ఇలాంటి మాన్యాల హక్కులు విచారించడానికి బ్రిటిష్ వాళ్ల కాలంలో, 1858లో మొదలైన ఇనాం కమిషన్ వడ్రంగి, కమ్మరి మాన్యాలను కూడా లెక్కకెక్కించిందని మీరు చెబితేనే తెలిసింది.

మా ముత్తాత ఇంటి క్రయపత్రం నకలు చేతికొచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. అంతా గొలుసుకట్టు రాత, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. మీరు కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కు దాకా తెచ్చుకుని, అక్షరం అక్షరం విడగొట్టి చదివారు. తండ్రి పేరు, వృత్తి వడ్రంగం, కాపురం ఉన్న ఊరు. ఆ తర్వాత హద్దులు: తూర్పున వీధి, పడమర కమ్మరి కొలిమి. దక్షిణాన ఉన్న ఇల్లు మా జేజి (నాయనమ్మ) పుట్టినిల్లు! కొడుక్కి పక్కింటి పిల్లనే చేసుకున్నాడన్నమాట మా ముత్తాత. ఇంట్లో ఎవరికీ తెలియని ముచ్చట అది.

పని మానుకుని కూర్చుని, పైసా పుచ్చుకోకుండా టీతో సరిపెట్టారు. ఆ మేలు మరువలేను. ఇనాం రిజిస్టరు నకలు కోసం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టాను. రాగానే ముందు మీ దగ్గరికే తెస్తాను.