‘ఏ’ సినిమాకి ఆరేళ్ల పిల్లాడు

సంపాదకులకు నమస్కారం.

సినిమాల్లో, ఓటీటీల్లో హింస మితిమీరిపోయిందని, ప్రభుత్వమే కలగజేసుకుని వీటిని ఆపేయాలని కొన్నాళ్లుగా మీ ఉత్తరాల పేజీలో చాలామంది రాస్తున్నారు. హింస పెరిగిందన్న మాట అబద్ధమని నేననను. చెన్నై కోడంబాక్కంలో సినిమాలకి డబ్బింగ్ చెప్పి బతికినదాన్ని. ఆ రక్తపాతానికి అరుపులు, మూలుగులు ఇచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అయితే సర్కారు చేతికి ఇంకా పెద్ద కత్తెర ఇవ్వమనేవాళ్లకి, ఉన్న కత్తెర ఏం కోస్తోందో తెలిసినట్టు లేదు.

తమిళ సినిమాని తెలుగులోకి డబ్ చేస్తే దానికి మళ్లీ విడిగా సెన్సార్ సర్టిఫికెట్ తీసుకోవాలి. సెన్సార్ బోర్డు తీసేయమన్నవాటి జాబితా, అదే కట్స్ లిస్ట్, వచ్చాక ఒక్కోసారి మమ్మల్ని వెనక్కి పిలుస్తారు. మ్యూట్ చేసిన మాట బదులు ఇంకో మాట చెప్పడానికి, బొమ్మ తగ్గినచోట అరుపు తగ్గించడానికి. అలాగే ఒకసారి వడపళనిలో ఒక చిన్న స్టూడియోకి వెళ్లాను. సినిమాలో ఒకావిడ భర్తని కళ్లముందే నరికేస్తారు. ఆవిడ మీద పడి ఏడుస్తుంది. మొదట రికార్డు చేసినప్పుడు అది చాలా పొడుగు ఏడుపు. గొంతు చించుకుని ఏడ్చి, బయటికొచ్చి వేణ్ణీళ్లు తాగితేగానీ మాట పెగల్లేదు. నిర్మాతకేమో యూఏ, అంటే పెద్దవాళ్ల తోడుతో పిల్లలు చూడొచ్చన్న సర్టిఫికెట్, కావాలి. రక్తం కనిపించే షాట్లు సగానికి తగ్గించమన్నారు. ఆ సీన్లో రక్తం ఎక్కడుంటుంది చెప్పండి? చచ్చిపోయేవాడి ఒంటి మీద, ఏడ్చేదాని చీర మీద. అవే పోయాయి. గాజు అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు, "అమ్మా, ఒక్క అయ్యో చాలు, షాట్ అక్కడితో అయిపోతుంది" అన్నాడు. అన్నాను. ఓకే అయింది.

ఆ తర్వాత వచ్చే ఫైటుకి మాత్రం ఒక్క కట్టూ లేదు. హీరో గోడౌన్లో ఇనప రాడ్డు పట్టుకుని మనుషుల్ని వరసబెట్టి పడగొడతాడు. వెనకాల డప్పులు. ఎవడి ఒంటి మీదా చుక్క రక్తం ఉండదు. పడినవాడు మళ్లీ కనబడడు, వాడికీ ఒక ఇల్లుంటుందన్న ఊహే రాదు. చప్పుళ్లు మాత్రం దివ్యంగా ఉంటాయి. మా ఎఫెక్ట్స్ వాళ్లు క్యాబేజీ కసుక్కున కోసి, తడిగుడ్డ నేలకేసి కొట్టి తీసిన చప్పుళ్లు అవి. ఆ సినిమా పెద్దవాళ్ల తోడుతో పిల్లలు చూడొచ్చని సర్టిఫికెట్ వచ్చింది. నొప్పి కనబడని దెబ్బే నన్ను ఎక్కువ భయపెడుతుంది. నొప్పిని కోసేసి దెబ్బని ఉంచడానికి ఇంత తతంగమా అనిపించింది.

రూలు చెడ్డదేమీ కాదు. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద 1991లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు హింసని గొప్పగా చూపించకూడదని, సమర్థించకూడదని చెబుతాయి. అనవసరమైన హింస, క్రౌర్యం ఉండకూడదనీ చెబుతాయి. గొప్పగా చూపించడం అంటే ఏమిటో తేల్చాలంటే సినిమా మొత్తం చూసి, దాని మనసు పట్టుకోవాలి. రక్తమైతే సెకన్లలో లెక్కపెట్టొచ్చు. గడియారం చూసి చేసే పని ఎప్పుడూ ముందు అయిపోతుంది.

మా ఇంట్లో దేవుడి గూట్లోనే హిరణ్యకశిపుడి పేగులు మెళ్లో వేసుకున్న నరసింహస్వామి పటం ఉంది. భీముడు దుశ్శాసనుడి రొమ్ము చీల్చి నెత్తురు తాగిన కథ మా అమ్మమ్మ అన్నం కలిపి పెడుతూ చెప్పేది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 2005లో హింసాత్మక వీడియో గేములు పిల్లలకి అమ్మకూడదని చట్టం చేస్తే, 2011లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా కూడా, పిల్లలకి చెప్పే గ్రిమ్ కథల్లో రక్తానికేం తక్కువని అడిగారు. (ఆ చట్టం మీద సంతకం పెట్టిన గవర్నరు ఎవరో గుర్తుందా? ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్. సినిమాల్లో తుపాకీ దించని మనిషి.) కోర్టు వాదనలో నాకు సగమే నచ్చింది. మన భారతంలో పద్ధెనిమిది రోజుల యుద్ధం అయ్యాక స్త్రీపర్వం వస్తుంది. అది మొత్తం ఏడుపే. గాంధారి కురుక్షేత్రం అంతా తిరిగి ఎవడి తల ఎక్కడ, ఎవడి చెయ్యి ఎక్కడ అని చూస్తూ ఏడుస్తుంది. తిక్కనగారు దాన్ని దాటేయలేదు. మన కట్స్ లిస్ట్ ముందు కోసేది ఆ స్త్రీపర్వాన్నే.

ఇక నాయకుల సంగతి. 2023 డిసెంబరులో ‘యానిమల్’ చూస్తూ తన కూతురు మధ్యలోనే ఏడుస్తూ లేచి వచ్చేసిందని రాజ్యసభలో ఒక సభ్యురాలు చెప్పారు. 2025 మార్చిలో కేరళ శాసనసభలో యువకుల్లో పెరుగుతున్న హింస మీద చర్చ జరిగితే సినిమాల మాట వచ్చింది. అదే నెలలో మలయాళ సినిమా ‘మార్కో’ని టీవీలో వేయడానికి సెన్సార్ బోర్డు ఒప్పుకోలేదు. కూతురి గురించి చెప్పిన ఆ తల్లి బాధ నిజమే. ఇంటి హాల్లో వచ్చే టీవీకి కట్టుబాటు వేరేగా ఉండాలన్నదీ నిజమే. కానీ ‘బ్యాన్ చేయండి’ అని సర్కారుని అడిగేముందు, ఆ అధికారం ఇదివరకు దేనికి వాడారో ఒకసారి చూసుకోవాలి.

దాని చరిత్ర ఈ మద్రాసులోనే కావాల్సినంత ఉంది. ‘ఒరే ఒరు గ్రామత్తిలే’ అనే తమిళ సినిమా రిజర్వేషన్ల విధానాన్ని విమర్శించిందని మద్రాసు హైకోర్టు దాని సర్టిఫికెట్ రద్దు చేసింది. 1989లో సుప్రీంకోర్టు ఆ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చి, గొడవలవుతాయని బెదిరిస్తే మాట్లాడే హక్కు తీసేస్తారా అని ప్రభుత్వాన్ని నిలదీసింది. 2013 జనవరిలో ‘విశ్వరూపం’కి సెన్సార్ సర్టిఫికెట్ చేతిలో ఉన్నా, జిల్లా కలెక్టర్లు 144 సెక్షన్ పెట్టి రాష్ట్రమంతా ఆపేశారు. ఈ రెండింట్లోనూ గొడవ రక్తం గురించి కాదు. కేంద్రం మాత్రం తక్కువ తిందా? సెన్సార్ అయిపోయిన సినిమాని మళ్లీ తిరగదోడే అధికారం కేంద్రానికి ఉండకూడదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో ముసాయిదా బిల్లు పెట్టి ఆ అధికారమే మళ్లీ కావాలన్నారు. సినిమావాళ్లు గోల పెట్టాక సినిమాటోగ్రాఫ్ చట్టానికి చేసిన 2023 సవరణలో అది లేకుండా పోయింది. అదే 2021 ఏప్రిల్లో బోర్డు మీద అప్పీలుకి వెళ్లే ట్రిబ్యునల్ని ఎత్తేశారు. ఇప్పుడు చిన్న నిర్మాతైనా సరే హైకోర్టు మెట్లెక్కాల్సిందే. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, హింస పేరు చెప్పి ఇచ్చిన అధికారం రేపు ఇంకెవరి నోరు మూయిస్తుందో! సినిమాల్లోంచి వచ్చిన ముఖ్యమంత్రుల్ని ఇన్నిసార్లు చూసిన ఊరు ఇది. తెర బలమెంతో వాళ్లకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

మరి ఏం చేయాలంటారా? 2025 ఆగస్టులో జరిగింది చూడండి. రజనీకాంత్ ‘కూలీ’కి బోర్డు ‘ఏ’, అంటే పెద్దవాళ్లకి మాత్రమే అన్న సర్టిఫికెట్, ఇచ్చింది. కొన్ని సీన్లు తీసేస్తే యూఏ ఇస్తామంది. నిర్మాతలు కోతకి ఒప్పుకోకుండా ‘ఏ’తోనే విడుదల చేసి, తర్వాత యూఏ కావాలని మద్రాసు హైకోర్టుకి వెళ్లారు. ఇంతకన్నా హింస ఉన్న సినిమాలకి యూఏ ఇచ్చారు కదా అన్నది వాళ్ల వాదన. కోర్టు కొట్టేసింది. నాకైతే అందులో తప్పేమీ కనబడలేదు. సినిమా తెగలేదు, పెద్దవాళ్లు చూశారు, పిల్లలు ఆగారు.

అందరు పిల్లలూ ఆగలేదనుకోండి. చెన్నైలో ఒక మల్టీప్లెక్స్ దగ్గర, మరో ‘ఏ’ సినిమాకి వెళ్లినప్పుడు, మన తెలుగువాళ్లే ఒక కుటుంబం గేటు దగ్గర గొడవ పడుతున్నారు. పిల్లాడికి ఆరేళ్లుంటాయి, ప్లాస్టిక్ కత్తి భుజాన వేసుకుని ఉన్నాడు. "మావాడు భయపడడండీ, వాడికి ఫైట్లంటే ప్రాణం" అంటోంది తల్లి. గేటు దగ్గర కుర్రాడు తమిళంలో రూలు చెప్పి చెప్పి అలిసిపోయాడు. టికెట్లు బుక్ చేసినప్పుడు పద్ధెనిమిదేళ్ల సంగతి రాలేదా అని నేనడిగితే, "ఏదో వచ్చిందమ్మా, ఓకే నొక్కేశాను" అన్నాడు తండ్రి. కారు తీసుకుని బోర్డర్ దాటి ఆంధ్రాలో ఒక హాల్లో సెకండ్ షో చూస్తామని, అక్కడెవరూ అడగరని వెళ్లిపోయారు. ‘ఏ’ సినిమాకి మైనర్లని రానిస్తే హాలువాళ్లకి శిక్ష అని చట్టంలోనే ఉంది. అది ఎవరికైనా పడిందని నేనింతవరకు వినలేదు. కొత్త చట్టాలు అడిగే నాయకులు ముందు ఆ పాతదాన్ని దుమ్ము దులిపితే, ఆ గేటు కుర్రాడికి కాస్త ధైర్యంగా ఉంటుంది.

ఫోన్ల దగ్గర ఇది ఇంకా కష్టం, ఒప్పుకుంటాను. 2021 ఐటీ రూల్స్ ప్రకారం ఓటీటీలు వయసు చెప్పాలి, పదమూడు దాటినవాళ్ల కోసమన్న వాటికి తాళం సౌకర్యం ఇవ్వాలి. ఆ తాళం వేయాల్సింది ఇంట్లోవాళ్లే. మా అపార్ట్‌మెంట్లో ఆ తాళం ఎలా పెట్టాలో ఐదో క్లాసు పిల్లలకి తెలుసు, వాళ్ల నాన్నలకి తెలియదు.

ఇంకో సంగతి మీకే చెప్పాలి. 2023 సవరణ తర్వాత యూఏ మూడు ముక్కలైంది: ఏడేళ్లు, పదమూడు, పదహారు. ఇది తల్లిదండ్రులకి సలహా మాత్రమే, గేటు దగ్గర ఎవరూ ఆపరు. అంటే ముందుగా వాళ్లకి తెలియాలి. మీ సినిమా పేజీలో రివ్యూకి స్టార్లు పెద్దగా వేస్తారు, సర్టిఫికెట్ మాత్రం చాలాసార్లు కనబడదు. ప్రకటనల్లో భూతద్దం పెట్టి వెతికితే ఏ మూలో ఒక అక్షరం దొరుకుతుంది. రేపటి శుక్రవారం నుంచి ఆ స్టార్ల పక్కనే, అంతే సైజులో, యూఏ 13, యూఏ 16, ‘ఏ’ అని వేయగలరా? కుదిరితే ఎందుకిచ్చారో ఒక లైను కూడా.

ఇట్లు,
ఒక డబ్బింగ్ కళాకారిణి,
సాలిగ్రామం, చెన్నై.