ఉప్పాడ తీరపు కోత లెక్కలు ఆఫీసు ఫైల్లోకి వెళ్లాలంటే

అందరికీ నమస్కారం. మన తీరపు కోత మీద పరిశోధన పేపర్లకు కొదవ లేదు. గోదావరిపై ఆనకట్టల వల్ల డెల్టాకు ఒండ్రు తగ్గి ఒడ్డు కోసుకుపోతోందని ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఎప్పుడో రాశారు. అయినా కాకినాడ దగ్గరి ఉప్పాడలో రోడ్డు తెగినప్పుడల్లా రాళ్లు పోయడమే. ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులతో కట్టిన జియోట్యూబు గోడ కూడా అలలకు దెబ్బతింది.

హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ చేపలు దొరికే చోట్ల వివరాలు తెలుగులోనే జాలర్లకు అందిస్తుంది. కోత లెక్కలు మాత్రం ఇంగ్లీషు జర్నల్లోనే ఉండిపోతాయి. (ప్రమోషన్‌కి పేపరే లెక్క మరి!)

2019 సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నోటిఫికేషన్ ప్రకారం తీరంలో ప్రమాద రేఖ, అంటే కోత, ముంపు ముప్పు ఎక్కడిదాకా ఉందో చూపే గీత, విపత్తు ప్రణాళికకు పనికొచ్చే సాధనం. అంటే మన డేటా ముందు వెళ్లాల్సింది కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగానికి. ఢిల్లీ సెమినార్ల సంగతి తర్వాత చూద్దాం.

తీరం మీద పనిచేసిన స్కాలర్లు తమ ఫలితాలను రెండు పేజీల తెలుగు నోట్‌గా రాసి గ్రూపులో పెట్టండి. ఏ ఊరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏటా ఎన్ని మీటర్లు, ఇవి చాలు. సర్వే నంబర్లున్న మ్యాపు జతచేస్తే తహసీల్దారు ఆఫీసులోనూ చదువుతారు. "మరింత పరిశోధన అవసరం" అనే చివరి పేరా మాత్రం దయచేసి వద్దు.